పెద్దది లేవలేదు

పోయిన వారం మనం ఈ ఇంటిని వదిలి వెళ్ళేసరికి ముందుగది గుమ్మంలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో గుడ్డల సంచి. కుట్టుమిషన్ కింద నుంచి బుల్లి కుక్క బొంగరం చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది. గుమ్మానికి అడ్డంగా పడుకున్న పెద్ద కుక్క కొండ ముందుకాళ్ళ మీద సగం లేచింది. ఆ మనిషి ఏమీ తొందరపడలేదు. పక్కనున్న పొట్టి బల్ల మీద సంచి పెట్టాడు. అంతే, కొండ మళ్ళీ చతికిలబడి, ముందుకాళ్ళ మీద గడ్డం ఆనించుకుంది.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈ ఇంట్లో అమ్మ బట్టలు కుడుతుంది. అక్క మందుల షాపులో పని చేస్తుంది. చిన్నది పిట్ట. పేరుకి తగ్గట్టే గొంతు కూడా పిట్టదే, నలుగురిలో నోరు విప్పాలంటే చచ్చేంత సిగ్గు. ఒకరోజు పొద్దున్నే షాపు తెరవడానికి వెళ్తున్న అక్క కళ్ళ ముందే ఒక కారు వచ్చి వీధులూడ్చే తాతని గుద్దేసింది. కారు నడిపినవాడు దిగాడు, కిందపడ్డ తాతని చూశాడు, అక్కని చూశాడు, మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయాడు. తాత బతకలేదు. వాడి ముఖం చూసింది లోకం మొత్తం మీద అక్క ఒక్కతే. ఎల్లుండి పోలీస్ స్టేషన్లో కొంతమందిని వరసగా నిలబెడతారు. అందులో వాడెవడో అక్క చూపించాలి.

ఆ సంగతి బయటికి పొక్కినప్పటి నుంచీ ఇంటికి నిద్ర లేదు. ఫోను మోగుతుంది, ఎత్తితే ఎవరూ మాట్లాడరు. తెలియని బండి ఒకటి వీధిలో చక్కర్లు కొడుతుంది. అందుకే కుక్కల గొడవ మొదలైంది. అందుకే కుక్కల గొడవ మొదలైంది.

పిట్టకి ముందు నుంచీ చిన్న కుక్కలంటేనే ఇష్టం. బొంగరం దాని సొంతం. మూరెడు కూడా లేని ఒళ్ళు, అరిచేటప్పుడు ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. అక్క దాన్ని "అరిచే చెప్పు" అని పిలిచేది. లారీ తోలే మావయ్య అయితే దాన్ని కుక్కల లెక్కలోనే వెయ్యలేదు.

"కుక్కంటే ఎలా ఉండాలే? దాన్ని చూసి దొంగ దారి మార్చుకోవాలి. దీన్ని చూస్తే ఎలక కూడా నవ్వుతుంది. అయినా అరిచే కుక్క కరవదు, తెలీదా?" అని, రెండు రోజుల్లో కొండని తెచ్చి గుమ్మానికి కట్టాడు. దూడంత ఉంది. నోరు తెరిస్తే పిట్ట తల అందులో పట్టేస్తుందనిపించింది. "ఇదీ కుక్కంటే. కొండంత అండ," అంది అక్క. ఆ రాత్రి చాన్నాళ్ళకి హాయిగా పడుకుంది.

కానీ కుట్టుపని చేసే ఇంటికి కొండంత అండ ఉంటే వచ్చే చిక్కు ఒకటుంది. బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళు గేటు దగ్గరే ఆగిపోయారు. "మీ ఇంట్లో సింహాన్ని పెట్టుకుని చొక్కాలు కుట్టించుకోమంటే ఎలాగమ్మా?" అన్నాడు బేకరీ ఆయన. అమ్మ ముఖం వాడిపోయింది. అప్పుడు పిట్టే ఒక ఉపాయం పన్నింది. బట్టలు తెచ్చినవాళ్ళు సంచిని గుమ్మం పక్కన పొట్టి బల్ల మీద పెట్టాలి. పెట్టగానే కొండ పడుకోవాలి. పడుకుంటే రొట్టెముక్క. పనైపోయి వాళ్ళు వెళ్తున్నప్పుడు గేటు దాకా వెళ్ళి సాగనంపాలి. అప్పుడు ఇంకో రొట్టెముక్క. వారం తిరక్కుండా కొండ అన్నీ నేర్చేసుకుంది. అమ్మ మురిసిపోయింది. "మనుషులకి కూడా ఇంత మర్యాద లేదే!" అంది.

ఆ మర్యాదే ఇప్పుడు గుమ్మంలో పడుకుని తోక ఊపుతోంది.

*

"అమ్మ లేదా?" అన్నాడు ఆ మనిషి.

పిట్ట తల అడ్డంగా ఊపింది. ఊపాక గానీ ఊపకూడదని తెలియలేదు.

చూడ్డానికి భయపడేలా ఏమీ లేడు. అదే పిట్టని ఎక్కువ భయపెట్టింది. నున్నగా గీసుకున్న గడ్డం, మడత నలగని చొక్కా, పిల్లలకి లెక్కలు చెప్పే మాస్టారి నవ్వు. కొండని దాటేటప్పుడు కాలు ఎత్తి జాగ్రత్తగా దాటాడు, దాని తోక తొక్కకుండా. లోపలికొచ్చి, అమ్మ కూర్చునే స్టూలు లాక్కుని, గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. ఇప్పుడు గుమ్మానికీ పిట్టకీ మధ్య అతనున్నాడు.

బొంగరం ఆపడం లేదు. తిరుగుతోంది, అరుస్తోంది, మిషన్ తొక్కుడుపలకకి తల కొట్టుకుంటోంది, మళ్ళీ అరుస్తోంది. పిట్ట వంగి దాన్ని ఎత్తుకుంది. దాని గుండె తన అరచేతిలో కొట్టుకుంటుంటే ఏది తన గుండో ఏది దాని గుండో తెలియలేదు.

"ఈ చిన్నది నీదా?"

పిట్ట ఒక అడుగు వెనక్కి వేసింది.

"నీకు ఏవి ఇష్టం? పెద్ద కుక్కలా, చిన్న కుక్కలా?"

గోడ అవతల పక్కింటి అత్తయ్య రేడియో ఏదో పాడుతోంది. ఒక్క కేక వేస్తే చాలు. కానీ కేకకి గాలి కావాలి. పిట్ట ఛాతీలో గాలంతా ఎవరో మూట కట్టేసినట్టుంది.

"చెప్పమ్మా. సిగ్గెందుకు? నేనూ కుక్కల మనిషినే."

"చి... చిన్నవి."

"తెలివైనదానివి." నిజంగానే మెచ్చుకున్నట్టు తల ఊపాడు. "నేను రెండు రకాలూ పెంచాను. పెద్ద కుక్కుంది చూశావూ, అది బుద్ధిమంతుడి లాంటిది. చెప్పింది నేర్చుకుంటుంది, నేర్చుకున్నదే చేస్తుంది. ఎవరు చెప్పినా చేస్తుంది. చిన్నదానికి అలా కాదు. ఎంత నేర్పినా తలకెక్కదు. దాని భయం దానిదే. ఆ భయాన్ని ఎవడూ మచ్చిక చెయ్యలేడు." కొండ వీపు మీద చెయ్యి వేసి నిమిరాడు. "దొంగని అడుగు, ఏ కుక్క ఉన్న ఇల్లు కావాలని. పెద్ద కుక్క ఉన్న ఇల్లే కావాలంటాడు."

కొండ కళ్ళు మూసుకుని గొంతు కింద కూడా నిమరమన్నట్టు మెడ చాచింది.

పిట్టకి ఏడుపొచ్చింది. దాని మీద కోపం కాదు. తనే కదా నేర్పింది. రొట్టెముక్కలు తుంచి తుంచి, ఒంగి ఒంగి, "పడుకో, బంగారు తల్లివి కదూ" అని బతిమాలి నేర్పింది. ఈ సంచి సంగతి ఇతనికి ఎవరు చెప్పారు? ఇంతకు ముందెప్పుడూ ఇతను బట్టలు తెచ్చినవాడు కాదు. వచ్చినవాళ్ళలో ఒక్క ముఖం కూడా పిట్ట మరిచిపోదు. మాట్లాడలేనివాళ్ళకి చూడ్డమే కదా పని.

"సరే, వచ్చిన పని చూసుకుందాం," అని సంచిలోంచి ఒక తెల్లగుడ్డ తీసి మిషన్ మీద పరిచాడు. దాని మీద ఒక పాత చొక్కా పెట్టాడు. "ఆది తెచ్చాను."

ఆది అంటే ఆ ఇంట్లో చిన్నప్పటి నుంచీ విన్న మాటే. కొలతలు తీసే పని లేకుండా, ఒంటికి సరిగ్గా సరిపోయే పాత చొక్కా ఒకటి తెచ్చి, దీన్ని చూసి కుట్టమంటారు. పిట్ట ఆ చొక్కా వైపు చూసింది. చంక కింద చిన్న నలుచదరం ముక్క అతికి ఉంది. మందుల షాపులో పై అరలు అందుకోవడానికి అక్క రోజంతా చేతులు పైకెత్తుతుంది. చంకల దగ్గర పిగులుతుందని అమ్మ ఆ ముక్క వేసింది. అలా వేసేది అమ్మ ఒక్కతే. వేయించుకునేది అక్క ఒక్కతే.

తీగ మీద నుంచి పోయిన చొక్కా.

ఆ రోజు కూడా బొంగరం అరిచింది. అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. "దీనికి పొద్దుపోక అరుస్తోంది, ఒక్కటెయ్యవే," అని అమ్మ విసుక్కుంది. కొండ లేవలేదు కాబట్టి ఎవ్వరూ లేవలేదు. ఇంట్లో అదొక పద్ధతైపోయింది. చిన్నది అరిస్తే పట్టించుకోరు, పెద్దది లేస్తే లేస్తారు. పెరటి గోడ దగ్గర మనిషి నిలబడి చొక్కా తీసుకుంటున్నప్పుడు కొండ ఇటువైపు గుమ్మంలో నిద్రపోతూ ఉండి ఉంటుంది.

"ఈ ఆదికే కుట్టాలి. మార్పు ఒక్కటే," అన్నాడతను. చొక్కా కాలరు పట్టుకుని రెండు వేళ్ళతో మెల్లగా నొక్కాడు. "మెడ దగ్గర కొంచెం బిగుతుగా ఉండాలి. చెబుతావా అమ్మకి?"

పిట్ట బొంగరాన్ని ఇంకా గట్టిగా హత్తుకుంది.

"ఎల్లుండికి కావాలి. లేకపోతే ఇంకో సంగతి. ఎల్లుండి అక్కకి ఒంట్లో బాగోలేదనుకో, ఎక్కడికీ వెళ్ళలేదనుకో, అప్పుడు ఈ చొక్కాతో పని లేదు. ఈ చొక్కాతోనే కాదు, మీ ఇంటితోనే నాకు పని లేదు. కుట్టడం ఎందుకు, హాయిగా పడుకోండి." లేచాడు. చొక్కా మడత పెట్టాడు. మడత కూడా చక్కగా పెట్టాడు, చేతులు వెనక్కి విరిచి, అంచులు కలిపి. "అర్థమైందా, చిన్నమ్మా?"

అప్పుడతని చూపు తలుపు పక్కన మేకు మీద పడింది. మేకుకి కొండ మెడతాడు వేలాడుతోంది.

"సాయంత్రం దీన్ని బస్టాపు దాకా తీసుకెళ్తావు కదూ? అక్కని తీసుకురావడానికి."

ఇది కూడా ఇతనికి తెలుసు. బస్టాపు నుంచి ఇంటికొచ్చే సందులో దీపాలు వెలగవు. అందుకని రోజూ చీకటి పడే వేళకి పిట్ట కొండని వెంటబెట్టుకుని వెళ్తుంది. అక్క బస్సు మెట్ల మీద నుంచే కొండ కోసం వెతుకుతుంది. "కొండ కనిపిస్తే చాలే, ఇంటికొచ్చేసినట్టే ఉంటుంది," అంటుంది.

"ఇవాళ నీకెందుకు శ్రమ? నేను తీసుకెళ్తాలే."

తాడు తీశాడు. కొండ మెడకి తగిలించాడు. సంచి చేతిలోకి తీసుకున్నాడు. సంచి బల్ల మీద నుంచి లేవగానే కొండ కూడా లేచింది. ఇంటికొచ్చినవాళ్ళు వెళ్తున్నారు, గేటు దాకా సాగనంపాలి, తర్వాత రొట్టెముక్క. దాని ముఖంలో ఎంత ఆనందమో.

"దాన్ని... తీసుకెళ్ళొద్దు," అంది పిట్ట.

"ఏమన్నావు? ఈ గోలలో వినపడలేదు."

"తీసుకెళ్ళొద్దు."

"అయితే పిలువు. నీ కుక్కే కదా, నువ్వు పిలిస్తే ఆగదూ?"

పిట్ట నోరు తెరిచింది. "కొండా!" అనాలి. లోపల ఆ మాట గట్టిగానే ఉంది. బయటికొచ్చేసరికి సూదిలో దారమంత అయిపోయింది. కొండ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది, ఇదిగో వచ్చేస్తున్నానన్నట్టు తోక ఊపింది, ఆ మనిషి వెనకే గుమ్మం దాటింది. గేటు దగ్గర అతను రొట్టెముక్క కూడా ఇచ్చాడు. జేబులో పెట్టుకునే వచ్చాడు.

వెళ్ళేముందు వెనక్కొచ్చి, తలుపు దగ్గరగా లాగి, బయట గడియ పెట్టాడు.

*

పిట్ట తలుపు లాగి చూసింది, రాలేదు. తర్వాత ఎవరో కొరడాతో కొట్టినట్టు ఒక ఆలోచన తగిలింది. అక్క బస్సు దిగుతుంది. కొండ కనిపిస్తుంది. తాడు ఎవరి చేతిలో ఉందో చూడదు. కొండ ఎటు వెళ్తే అటు వెళ్తుంది.

కాపలాకి తెచ్చుకున్నదే ఎర అయిపోయింది.

పెరట్లోకి పరిగెత్తింది. బొంగరాన్ని చంకలో ఇరికించుకుని, బట్టలుతికే బండెక్కి, గోడ మీద కాలు వేసింది. అవతల పక్కింటి అత్తయ్య తలకి రంగు పట్టించుకుని, భుజాల మీద పాత తువ్వాలు కప్పుకుని కూర్చుంది. నెత్తి మీద నుంచి నల్లటి చుక్క ఒకటి చెంప మీదికి కారుతోంది.

"ఏమే పిల్లా, దొంగలా గోడ దూకుతావేం? తలుపు లేదా మీ ఇంటికి?"

"అత్తయ్యా... మనిషి... మనిషొచ్చాడు..."

"ఎవరొచ్చారు? గట్టిగా చెప్పి చావవే. నీ మాటెప్పుడు వినపడిందని!"

"అక్కకోసం వచ్చాడు. కొండని తీసుకుపోయాడు."

అత్తయ్య చేతిలో కుంచె ఆగింది. "కొండనా? అంత లావు కుక్కని ఎవడు తీసుకుపోగలడే? నోరు మూసుకుని ఎలా వెళ్ళింది?" అప్పుడు పిట్ట ముఖం సరిగ్గా చూసినట్టుంది. లేచి నిలబడింది. "అయ్యో నా తల్లీ! ఇందాకటి నుంచీ మీ బొంగరం అరుస్తూనే ఉంది. ఏదో పిల్లిని చూసిందనుకున్నా. రోజూ ఇదే గోల కదా అని రేడియో ఇంకాస్త పెంచాను."

ఫోను తెచ్చి అక్కకి కలిపింది. మోగుతోంది. మోగి మోగి ఆగిపోయింది. బస్సెక్కితే అక్క ఫోను సంచి అడుగున వేసేస్తుంది. అమ్మకి కలిపింది. అమ్మ ఫోను ఇంట్లో మిషన్ సొరుగులో మోగడం గోడ ఇవతలకి వినపడింది. కుట్టిన బట్టలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు అమ్మ ఫోను మరిచిపోవడం కొత్తేమీ కాదు.

"స్టేషన్‌కి నేను చేస్తాను. నువ్వు ఇక్కడే కూర్చో," అంది అత్తయ్య.

పిట్ట అప్పటికే వాళ్ళ ముందుగేటు దాటేసింది.

"ఒంటరిగా ఎక్కడికే? ఈ తలతో నేనెలా రానే నీ వెనక!" అని అత్తయ్య అరుస్తూనే ఉంది. అరుస్తూనే రెండడుగులు వేసింది కూడా, తువ్వాలుతో, రంగుతో, అలాగే.

వీధి మామూలుగా ఉంది. అదే పిట్టకి నమ్మశక్యంగా లేదు. కూరగాయల షాపు ముందు బుట్టలు లోపలికి పెడుతున్నారు. సైకిల్ బాగుచేసే ఆయన టైరులో గాలి కొడుతున్నాడు. ఎవరికైనా చెప్పాలి. ఎవరి ముందు ఆగినా ముందు "ఏమ్మా?" అంటారు, తర్వాత "ఏంటి?" అంటారు, ఆ తర్వాత "గట్టిగా చెప్పు" అంటారు. అంతసేపు బస్సు ఆగదు. పరిగెత్తింది. చంకలో బొంగరం ఎగిరెగిరి పడుతోంది, పడుతూనే ఎదురొచ్చిన ప్రతి మనిషినీ చూసి అరుస్తోంది. జనం నవ్వి పక్కకి తప్పుకున్నారు.

దీపాల్లేని సందులోకి తిరిగేసరికి వెలుతురు పలచబడింది. రోజూ ఇక్కడ కొండ ముందు నడుస్తుంది, పిట్ట వెనక నడుస్తుంది. దాని వెడల్పాటి వీపు చూస్తూ నడిస్తే చీకటి ఉందన్న సంగతే తెలియదు. ఇవాళ ముందు ఎవరూ లేరు. ఎవరి మెట్ల మీదో చీపురు పడితే పిట్ట ఉలిక్కిపడి గోడ వైపు జరిగింది. కాళ్ళు ఆగమన్నాయి. ఆగితే మళ్ళీ కదలవని తెలుసు కాబట్టి ఆగలేదు.

సందు చివరికొచ్చేసరికి బస్సు అప్పుడే కదులుతోంది.

అక్క దిగింది. భుజాన సంచి, అలిసిపోయిన ముఖం. దిగుతూనే కళ్ళతో వెతికింది. కొండ కనిపించింది. ముఖం విచ్చుకుంది. కొండ కూడా తాడు లాక్కుంటూ వెళ్ళి అక్క మోకాళ్ళ మీద తల రుద్దింది. తాడు చివర ఆ మనిషి, చేతులు కట్టుకున్నంత వినయంగా నిలబడ్డాడు. అతని వెనక రోడ్డు వారన కారు ఒకటి ఆగి ఉంది, అద్దాలెత్తి.

"అక్కా!"

ఈసారి వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో గానీ వచ్చింది. బస్టాపులో నిలబడ్డవాళ్ళందరూ తిరిగి చూశారు. మామూలు రోజైతే అంతమంది చూపులకి పిట్ట భూమిలోకి కుంగిపోయేది. ఇవాళ రోడ్డు దాటి అక్క చెయ్యి పట్టుకుంది.

"ఏమైందే? అలా అరిచావేం?" అక్క నవ్వుతోంది. "నీకు గొంతుందని ఇవాళే తెలిసింది. బొంగరాన్ని కూడా మోసుకొచ్చావా?"

"అక్కా, ఇతను..."

"భయపడకే. సార్ మనవాళ్ళే." అక్క ఆ మనిషి వైపు తిరిగి తల వంచింది. "మా చెల్లెలు సార్. చెప్పాను కదా, బొత్తిగా పిరికిది. పిట్టా, ఆ రోజు స్టేషన్లో నేను చెప్పిందంతా రాసుకుంది ఈ సారే. ఎంత ఓపిగ్గా విన్నారనుకున్నావ్! నేను ఏడుస్తుంటే టీ తెప్పించి, ఇంటి సంగతులన్నీ అడిగారు. మన కొండ గురించి చెబితే ఎంత నవ్వారో. బల్ల మీద సంచి పెడితే పడుకుంటుందంటే అస్సలు నమ్మలేదు."

"ఇప్పుడు నమ్మాను," అన్నాడతను.

పిట్టకి అప్పుడు గుర్తొచ్చింది. అత్తయ్య ఫోను చేస్తానన్నది ఆ స్టేషన్‌కే. ఈపాటికి చేసే ఉంటుంది.

"ఎల్లుండి సంగతి ఒకటి మాట్లాడాలమ్మా," అన్నాడతను అక్కతో. గొంతులో తేనె. "చీకటి పడుతోంది. ఆ సందులో నడవడం ఎందుకు? ఇద్దరూ ఎక్కండి, దింపేస్తాను." కారు వెనక తలుపు తీశాడు. కొండ ఎవరూ చెప్పకుండానే ఎక్కేసింది. ఎక్కి, సీటంతా ఆక్రమించి, నాలుక బయటపెట్టి, మీరూ రండి అన్నట్టు చూసింది.

"అక్కా, ఎక్కొద్దు."

"ఎందుకే? కొండ కూడా ఉంది కదా."

"అక్కా, నీ చొక్కా..."

"ఏ చొక్కా అమ్మా?" అన్నాడతను, పిట్ట భుజం మీద చెయ్యి వేసి. మాస్టారి చెయ్యిలాగే వేశాడు. వేళ్ళు మాత్రం మెడ దగ్గర ఆగాయి, కాలరు ఉండే చోట.

బొంగరం గుర్రుమంది. ఇంతవరకూ అరవడమే గానీ అది అలా గుర్రుమనడం పిట్ట ఎప్పుడూ వినలేదు.

అక్క అప్పటికే ఒక కాలు కారులో పెట్టింది. తల వంచి లోపలికి చూసింది. ముందుసీట్లో కూర్చున్న డ్రైవరు, ఆలస్యమవుతోందనేమో, విసుగ్గా వెనక్కి తిరిగాడు.

అక్క కదల్లేదు. తలుపు పట్టుకున్న ఆమె వేళ్ళు తెల్లబడిపోయాయి. ఎల్లుండి వరసలో వెతికి చూపించాల్సిన ముఖం, తాతనీ తననీ ఒకే చూపుతో చూసి వెళ్ళిపోయిన ముఖం, ఇప్పుడు చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉంది. ఆ ముఖం కూడా అక్కనే చూస్తోంది. వాళ్ళిద్దరి మధ్యా కొండ, ఎవరి వైపు తిరిగి తోక ఊపాలో తెలియక, ఇద్దరి వైపూ ఊపుతోంది.

వెనక నుంచి ఆ మనిషి మెల్లగా అన్నాడు. "ఎక్కమ్మా. అందరూ చూస్తున్నారు."

అక్క వెనక్కి తిరగలేదు. పెదవులు కూడా సరిగ్గా కదపలేదు. పిట్టకి మాత్రమే వినపడేంత చిన్నగా, అచ్చం పిట్ట గొంతుతో అంది.

"పిట్టా... బొంగరాన్ని వీళ్ళ మీదికి వదిలెయ్."